స్వర్ణముఖికి నీళ్ళొచ్చిన రోజు

ముందే ఒప్పేసుకుంటున్నాను. నేను కాస్త పెంచి చెప్తాను. "కాస్త" అనడం కూడా తగ్గించి చెప్పడమే. నేను ఏ అంకె చెప్పినా నా భార్య దాన్ని నాలుగుతో భాగించుకుంటుంది. మా అత్తగారు బతికున్నన్నాళ్ళూ పదితో భాగించేది, అప్పుడు మిగిలిన దాన్ని కూడా అనుమానంగానే చూసేది. ఒకసారి మా ఇంట్లోకి నాగుపాము దూరిందని వీధంతా చాటితే, చూడ్డానికి వచ్చినవాళ్ళు "జెర్రా, వానపామా?" అని అడిగి, కాఫీ తాగి, తీరిగ్గా వెళ్ళిపోయారు. కాబట్టి ఇప్పుడు చెప్పబోయే దాంట్లో మనుషుల ఎత్తు, గుంతల లోతు, అలల పొడవు మీకు తోచినంత తగ్గించుకోండి. నేనేమీ అనుకోను.

డెబ్భైల చివరి మాట ఇది. నాకప్పుడు ఇరవై నాలుగేళ్ళు. తెలుగులో ఎమ్మే చేసి, తిరుపతి వీధులన్నీ ఉద్యోగం కోసం తిరిగి, చివరికి చిత్తూరు నుంచి బంగారుపాళ్యం పోయే దారిలో, మామిడి తోటల మధ్య ఉన్న ఒక మిషను ఆసుపత్రిలో మునిషీగా చేరాను. మునిషీ అంటే అక్కడికి కొత్తగా వచ్చే తెల్లవాళ్ళకు తెలుగు నేర్పే మనిషి. పొద్దున రెండు గంటలు పుస్తకం, సాయంత్రం ఒక గంట మాటలు, శుక్రవారం సంత. సంతలో వాళ్ళు ఇంగ్లీషు ముక్క లేకుండా కూరగాయలు కొనాలి. నేను పక్కన నిలబడి నోరు మెదపకూడదు. అదీ పద్ధతి. మొదటి శుక్రవారం డాక్టరు దొర వంకాయలు బేరం చేస్తూ చేస్తూ మర్యాదకు ప్రతిదానికీ తల ఊపాడు. ఆసుపత్రి మొత్తం తొమ్మిది రోజులు వంకాయ కూర తిన్నది. భాగించుకోండి.

దొర, దొరసాని ఇద్దరూ యాభై దాటినవాళ్ళు. ఆఫ్రికా పడమటి తీరంలో ఒక ఆసుపత్రిలో ఇరవై ఏళ్ళు పనిచేసి, దాన్ని ఆ దేశపు డాక్టర్లకే అప్పజెప్పి, నేరుగా మా ఎండలోకి వచ్చి పడ్డారు. దొర ఎంత పొడవంటే, మా ఆసుపత్రిలో గుమ్మాలన్నీ ఆయన చేత రోజుకు నూరుసార్లు వంగి నమస్కారం పెట్టించుకునేవి. అంతకుముందు రెండేళ్ళు ఆ ఆసుపత్రిలో కత్తి పట్టే డాక్టరు లేడు. కాన్పు అడ్డం తిరిగితే ఎడ్లబండిలో వేసుకుని రాయవేలూరు పెద్దాసుపత్రి దాకా మోసుకెళ్ళేవాళ్ళు. కొందరు చేరేవాళ్ళు, కొందరు చేరేవాళ్ళు కాదు. ఇది మాత్రం పెంచి చెప్పడం లేదు. దొర వచ్చిన మూడు నెలల్లో చుట్టుపక్కల ఎద్దులకు కూడా ఆ దారి మరపుకొచ్చింది.

దొరసాని సంగతి వేరు. ఆమె ఆసుపత్రి మందుల గది చూసుకునేది. పని బాగా చేసేది, పాఠం బాగా చదివేది. కానీ నవ్వేది కాదు. వార్డులో ముప్ఫై ఏళ్ళుగా చాకిరీ చేస్తున్న ఆయా ఒకామె ఉండేది. ఆసుపత్రిని నిజంగా నడిపేది ఆవిడే. ఆవిడ అనేది:

"సూడు నాయనా, మూడు నెలలాయె. దొరసాని పండ్లు తెల్లంగా ఉండాయో నల్లంగా ఉండాయో ఒక్కురికన్నా తెలుసునా?"

ఒక రోజు నేను ఆమెకు వ్యాసం రాయమని ఇచ్చాను. విషయం ఆమె ఇష్టం. నేను నేర్పింది పుస్తకాల తెలుగు కాబట్టి ఆమె రాసింది కూడా అదే తెలుగు. ఇంచుమించు ఇట్లా ఉండేది:

"అచ్చట మేము శనివారము తెల్లవారగానే లేచితిమి. రొట్టెయు, వేయించిన అరటికాయయు మూట గట్టితిమి. తీరమున తెల్లని పాత కోట ఉండెను. దాని ఫిరంగులు సముద్రము వైపు చూచుచుండెను. ఒకే మానును తొలిచి చేసిన పొడవైన పడవలో పండ్రెండుమంది తెడ్లు వేయుదురు. పడవవాడు అలలను లెక్కపెట్టును. పెద్ద అల పోయిన వెనుక కేక వేయును. అందరును ఒక్కసారి తెడ్లు వేయుదురు. ఒక్కొక్కసారి లెక్క తప్పును. అప్పుడు మేమందరమును తడిసితిమి. నా భర్త టోపీ పోయెను. మొత్తము ఐదు టోపీలు పోయెను. పడవవాని భార్య మమ్ము చూచి నవ్వెను. బట్టలారువరకు ఇసుకలో కూర్చుండి చేపలు తింటిమి. పేరు తెలియని వాగులు, పేరు తెలియని పల్లెలు చూచితిమి. చీకటి పడకముందే ఇల్లు చేరితిమి."

ఇంత రాసి, కింద ఒక గీత గీసి, ఆఖరున ఒక్క వాక్యం మామూలు మాటల్లో రాసింది: "ఇక్కడ అంతా పొడిగా ఉంది."

ఎర్రసిరా కలం పట్టుకుని కూర్చున్న నాకు ఆ వాక్యంలో దిద్దడానికి ఏమీ కనపడలేదు. మనిషి అట్లా కూర్చుంటే ఏదో ఒకటి అనాలి కదా. అన్నాను.

"సముద్రం మాకూ ఉందమ్మా. ఇక్కడికి కూతవేటు దూరం."

"కూతవేటు అనగా ఎంత?"

"ఒక మనిషి కేక వేస్తే వినపడేంత."

అంతటితో ఆగినవాణ్ణా? మా తాతకు పడవ ఉండేదన్నాను. నా చిన్నతనమంతా సముద్రం ఒడ్డునే గడిచిందన్నాను. మా తాతకు ఉన్నది నగరిలో మగ్గం. నేను అప్పటిదాకా చూసిన పెద్ద నీళ్ళు చిత్తూరు చెరువు, అది కూడా సగం నిండినప్పుడు. ఆ రోజు నుంచి దొరసాని సాయంత్రం పూట తోట గట్టు మీద నిలబడి తూర్పు వైపు చెవి ఒగ్గి వినేది. అది చూసినప్పుడల్లా నేను చుట్టుదారిన ఇంటికి పోయేవాణ్ణి.

మామిడి పూత మీద ఉన్న రోజుల్లో ఒక గురువారం దొర నన్ను వసారాలోకి పిలిచాడు.

"పంతులుగారూ, మా పై కార్యాలయము నుండి ఉత్తరము వచ్చినది. మరి ఐదు సంవత్సరములు ఇచ్చట ఉందురా, లేక స్వదేశమునకు వచ్చెదరా అని అడిగిరి. జవాబు సోమవారపు టపాలో పోవలెను."

"తమ ఉద్దేశం ఏమిటి దొరగారూ?"

"నేను ఉండగోరుచున్నాను. ఆమె చెప్పుట లేదు. ఉండుదమనిన ఉండెదను. పోవుదమనిన పోయెదను." గుమ్మం వైపు చూసి, "ఆమె చెప్పుటయే లేదు" అని మళ్ళీ అన్నాడు. ఒక మనిషి గుండెలో బరువు దించుకోవడానికి ఇంత పాత తెలుగు నేర్పినందుకు నాకు మొదటిసారి సిగ్గేసింది.

ఈ మాట ఆయాకు చేరడానికి ఐదు నిమిషాలు పట్టింది. వంటింటి వెనక పంచాయతీ పెట్టింది. నేను, ఆవిడ, జీపు డ్రైవరు. డ్రైవరు ఐరాల మనిషి. నాలుగెకరాల చేను, ఒక బావి ఉండేవి. బావి ఎండిపోయి డ్రైవరయ్యాడు. జీపును ఎద్దును అదిలించినట్టు అదిలించేవాడు.

"ఆయప్ప పోతే మళ్లా జనాల్ని బండ్లో ఏసుకోని రాయవేలూరికి మోయాల్సిందే" అంది ఆయా. "కడుపుతో ఉండేదానికి పుల్లమామిడికాయ మాదిరి ఆయమ్మకు సముద్రం మింద మనసైంది. సూపిస్తే సరిపోతాది."

"యాడుండాది సముద్రం?" అన్నాడు డ్రైవరు.

ఆయా నా వైపు తిరిగింది. "ఈయప్ప గదా కూతవేటు దూరమనింది. ఈయప్పే తీసకపోతాడు."

శనివారం కోడి కూయకముందే ఐదుగురం బయల్దేరాం. పుల్లన్నం, సంగటి ముద్దలు, శనగ్గింజల ఊరిబిండి పచ్చడి, ఉడకబెట్టిన గెణుసుగడ్డలు, అంటే చిలగడదుంపలు, కడవ నీళ్ళు. దొర ఒళ్ళో టోపీ. దొరసాని ఒళ్ళో ఏమీ లేదు. ఆ జీపు శబ్దానికి చంద్రగిరి కోటలో గబ్బిలాలు లేచి సూర్యుడికి అడ్డం వచ్చాయి. ఆ దారిలో ఒక గుంతలో మేం దిగి, అవతల ఎక్కడానికి పావుగంట పట్టింది. తిరుపతి చేరేసరికి బస్టాండు దగ్గర వేయి గుండ్లు చందనం పూసుకుని ఎండలో మెరుస్తున్నాయి. కొండ కనపడగానే డ్రైవరు రెండు చేతులూ స్టీరింగు వదిలేసి దణ్ణం పెట్టుకున్నాడు. దొర కళ్ళు మూసుకుని ఆయన దేవుణ్ణి ఆయన తలుచుకున్నాడు. ఏ దేవుడు పట్టుకున్నాడో తెలియదు, జీపు ఒక ఇడ్లీల బండికి జానెడు దూరంలో ఆగింది. అక్కడే టిఫిను చేశాం.

శ్రీకాళహస్తి దగ్గర స్వర్ణముఖి అడ్డమొచ్చింది. స్వర్ణముఖి అంటే తెలియనివాళ్ళకు చెప్పాలి. అది మా జిల్లా నది. నది అంటే ఇసుక. మేం దాంట్లో నడుస్తాం, బండ్లు తోలుతాం, పశువుల్ని కడతాం, పిల్లలు బంతాట ఆడతారు. దాహమైతే చేత్తో ఇసుక తోడి చెలమ తీస్తాం, అడుగున గ్లాసెడు నీళ్ళు ఊరుతాయి. మూడు నాలుగేళ్ళకొకసారి నిజంగానే నీళ్ళొస్తాయి. వస్తే పండగే. ఊరు ఊరంతా గట్టు మీదికి చేరి, పసుపు కుంకాలు చల్లి, కొబ్బరికాయ కొట్టి, హారతిచ్చి, "తల్లీ, వచ్చినావా" అని మొక్కుతుంది. మిగతా రోజుల్లో అది వెడల్పాటి రోడ్డు.

ఇంజను చల్లబడడానికి డ్రైవరు జీపును అలవాటుగా ఆ ఇసుకలోకే దించాడు. ఆయా అక్కడి గుళ్ళో కొట్టాలని కొబ్బరికాయ తెచ్చింది గానీ, దొర గడియారం చూసుకుంటూ ఉండడంతో కొట్టకుండానే సంచిలో పెట్టుకుంది. కడవలో నీళ్ళు సగం ఇంజను తాగేసింది.

"ఈ నదియు సముద్రమునకే పోవునా?" అని దొరసాని అడిగింది. పొద్దుటి నుంచి అదే మొదటి మాట.

"పోతుందమ్మా. మనం వెళ్ళేది దీని కొన దగ్గరికే."

"కూతవేటు" అంది ఆమె. తిట్టిందో, గుర్తు చేసుకుందో ఇప్పటికీ తెలియదు.

నాయుడుపేట దాటి, తాటితోపుల్లోంచి అడుగడుగునా దారి అడుక్కుంటూ, ఒంటిగంట దాటాక నది సముద్రంలో కలిసే చోటికి చేరాం. ఊరి పేరు చెప్పను. ఆ ఊరివాళ్ళు ఇప్పటికీ నన్ను తలుచుకుని నవ్వుతుండొచ్చు.

తాటిచెట్లు అయిపోయాయి, ఇసుక దిబ్బ ఎక్కాం, సముద్రం కనపడింది. ఆకాశం కిందికి జారి పడిందేమో అనుకున్నాను. కానీ చిన్నతనమంతా అక్కడే గడిపినవాణ్ణి కదా, పెరట్లో బావి చూపించినట్టు చెయ్యి ఊపి, "ఆఁ, ఇదే" అన్నాను. ఆయా నోటి మీద చెయ్యి పెట్టుకుంది. డ్రైవరు చాలాసేపు చూసి, "ఇంత నీళ్ళు పెట్టుకోని దేవుడు మాకు ఒక్క తడి ఇయ్యలేదే" అన్నాడు. నిజమైన బాధతో అన్నాడు.

దొరసాని చెప్పులు విడిచింది. మా వైపు చూడకుండా నీళ్ళ అంచుకు వెళ్ళి, దక్షిణంగా నడవడం మొదలుపెట్టింది. దొర రెండు గెణుసుగడ్డలు జేబులో వేసుకుని పది అడుగుల వెనకగా నడిచాడు. పక్కన నడవలేదు. ఎందుకు నడవలేదో పెళ్ళయ్యాక నాకు అర్థమైంది.

"అయివోరా, బండి యాడ నిలపాల?" అని డ్రైవరు నన్నడిగాడు.

ఒడ్డంతా మెత్తటి ఇసుక, చక్రం దిగబడుతుంది. నది పడక మాత్రం తడిసి, గట్టిపడి, సిమెంటు నేలలా ఉంది. నడి మధ్యలో చిన్న పాయ, కోడిపిల్ల దాటేంత.

"యాడైతే ఏంది? మన స్వర్ణముఖే గదా. ఏట్లోనే నిలుపు" అన్నాను.

"అదీ నిజమే. మన ఏరే."

నది నట్టనడుమ, నాలుగు ఊళ్ళకు కనపడేటట్టు నిలిపాడు. జీపు నీడలో కూర్చుని తిన్నాం. సంగటి తిన్నాక దాహమైంది. కడవ ఖాళీ. ఆయా ముప్ఫై ఏళ్ళ వార్డు పెత్తనం పక్కనబెట్టి, కొంగు దోపుకుని, ఇసుకలో చెలమ తీసింది. మోచెయ్యి దిగకముందే నీళ్ళు పడ్డాయి. దోసిట్లో పట్టి నోట్లో పోసుకుని, తూ అని ఉమ్మేసింది.

"ఉప్పు పడినాయి."

"ఉప్పైతే ఉప్పు, ఊటను సూడు మే!" అన్నాడు డ్రైవరు.

నిజంగానే చెలమ నిండుతోంది. మేం చూస్తుండగానే అంచు దాకా వచ్చింది. అంచు దాటి పొంగింది. డ్రైవరు రెండు చేతులూ తల మీద పెట్టుకున్నాడు.

"అబ్బబ్బబ్బా! నా జన్మలో సూళ్ళేదు, చెలమ పొంగేది! మా బావిలో ఇట్లా నీళ్ళు ఊరింటే ఈ దరిద్రప్పీనుగ జీపును నేనేల తోల్తా?"

కోడిపిల్ల దాటే పాయ మేక దాటేంత అయింది. తర్వాత గేదె పడుకునేంత అయింది. నురగతో, చిన్న చిన్న పుల్లలతో, బుసబుసమంటూ నీళ్ళు మా వైపు వస్తున్నాయి.

"ఏరొస్తా ఉండాది!" అని కేకేశాడు డ్రైవరు. మరుక్షణం అనుమానం వచ్చింది. "అయివోరా, ఏరు పడమటి నించి గదా రావాల? ఇది తూరుపు నించి వస్తా ఉండాదే?"

"యాడి నించి వస్తే నీకేం?" అంది ఆయా. "వస్తా ఉండాది గదా!"

నేను చదువుకున్నవాణ్ణి. "జీవితంలో ఆటుపోట్లు" అని వ్యాసాల్లో వెయ్యిసార్లు రాసినవాణ్ణి. అవి సముద్రానికి కూడా ఉంటాయన్న సంగతి ఆ క్షణాన నా బుర్రకు తట్టలేదు. నీళ్ళొస్తుంటే పక్కకు తప్పుకోవాలని మా జిల్లాలో ఎవరు నేర్పారు? మొక్కాలని నేర్పారు. అదే చేశాం. ఆయా సంచిలోంచి పసుపు కుంకాల డబ్బీ తీసింది. కాళహస్తిలో మిగిలిన కొబ్బరికాయ తీసింది. కొట్టడానికి రాయి లేక, జీపు ముందు బంపరు మీద కొట్టింది. సగం చిప్పలో కర్పూరం వెలిగించింది. ముగ్గురం మోకాలి లోతు నీళ్ళలో తూర్పుకు తిరిగి, కళ్ళు మూసుకుని, చేతులు జోడించి నిలబడ్డాం. "తల్లీ గంగమ్మా, చల్లంగ సూడు తల్లీ" అని ఆయా మొక్కుతోంది. డ్రైవరు కళ్ళలో నీళ్ళు. మా వెనకాల జీపు మెల్లగా ఇసుకలోకి కూర్చుంటోంది.

"ఏం చేస్తుండారయ్యా మీరు?" అని ఒడ్డు మీంచి ఒక గొంతు. చేపలు ఎండబెట్టుకునే ముసలామె, నడుం మీద చెయ్యి. "బండి మునిగిపోతుంటే దండాలు పెడుతుండారే! యా ఊరోళ్ళు?"

డ్రైవరు కళ్ళు తుడుచుకుని గర్వంగా చెప్పాడు. "చిత్తూరు జిల్లా!"

"అదీ సంగతి" అని, ముసలామె పల్లె వైపు తిరిగి చేతులు నోటికి అడ్డం పెట్టి అరిచింది.

అప్పుడు చూశాను. దూరంగా, తీరం వెంట తిరిగి వస్తున్న దొరసాని నిలబడిపోయింది. కడుపు పట్టుకుని వంగింది. నొప్పేమో అని భయపడ్డాను. ఇసుకలో కూర్చుంది. దొర పరుగెత్తి వచ్చి భుజం పట్టుకున్నాడు, ఆయనా వంగాడు. గాలి అటు నుంచి ఇటు వీస్తోంది. ఆమె నవ్వు మా దాకా వినపడింది. నీళ్ళు, కర్పూరం, చేతులు జోడించిన మేం, వెనక మునుగుతున్న జీపు, అంతా ఆమె అక్కణ్ణుంచి ఒక్క చూపులో చూసింది మరి. పండ్లు తెల్లగానే ఉన్నాయి.

తర్వాత లేచి పరుగెత్తుకొచ్చింది. గౌను అంచు నడుముకు దోపుకుని నేరుగా నీళ్ళలోకి దిగింది. పల్లె నుంచి మనుషులు మోకులతో వచ్చారు. ఇరవై మంది. సరే, పదకొండు మంది. దొరసాని చక్రాల కింద తాటిమట్టలు తొక్కించింది. మోకు ఎక్కడ కట్టాలో చూపించింది. అందరూ ఒకేసారి లాగబోతే చెయ్యెత్తి ఆపింది. నడుం లోతు నీళ్ళలో సముద్రం వైపు చూస్తూ నిలబడి, పెదాలు కదుపుతూ అలలు లెక్కపెట్టింది. ఒక అల వచ్చింది, పోనిచ్చింది. ఇంకొకటి, పోనిచ్చింది. మోకు కొనలో ఒక ముసలి జాలరి కూడా అట్లాగే పెదాలు కదుపుతున్నాడు. పెద్ద అల వచ్చి జీపును అరచెయ్యంత పైకి లేపింది. ఆ క్షణాన ఇద్దరూ ఒక్కసారే కేక వేశారు. ఆమె ఏ భాషలో వేసిందో నాకు తెలియదు. తెలుగు కాదు, ఇంగ్లీషు కాదు.

జీపు బెత్తెడు కదిలి ఆగింది. అప్పుడు తెలుగు వచ్చింది. మూడు నెలలు నేను "దయచేసి", "కావలెను", "కృతజ్ఞురాలను" అని నేర్పిన ఆ నోట్లోంచి ఆయా వార్డులో వాడే తెలుగు వచ్చింది.

"లాగండ్రా! ఏం సూస్తా ఉండారు? తిండి తిన్లేదా? లాగురా సచ్చినోడా!"

జాలర్లు ఒక్క క్షణం నోళ్ళు తెరిచారు. తర్వాత పగలబడి నవ్వారు. నవ్వుతూనే లాగారు. ఆయా వైపు చూశాను, సన్మానం జరుగుతున్నట్టు నిలబడి ఉంది. నాలుగో అలకో, నలభయ్యో అలకో జీపు ఒడ్డెక్కింది. దాని తలుపు తీస్తే మూడు చేపలు దూకాయి. ఒకటి.

దొర టోపీ పోయింది. నీళ్ళు ఓడుతున్న జీపు ముందు నిలబడి అడిగాడు:

"వాహనమును నదిలో నిలుపుమని చెప్పినది ఎవరు?"

నేను నోరు తెరిచేలోపల డ్రైవరు చెప్పేశాడు. "నేనే దొరా. కండ్లు కనబళ్ళా."

తర్వాత చాటుగా అడిగితే అన్నాడు: "నీ ఉద్యోగం కొత్త అయివోరా. నన్ను ఆయప్ప తీసెయ్యడులే. ఈ జీపు నా తిట్లకు తప్ప ఇంకొకరి తిట్లకు కదల్దు."

మోకు లాగి చేతులు కోసుకుపోయిన వాళ్ళను దొర ఇసుకలో కూర్చోబెట్టి కట్లు కట్టాడు. అది చూసి ముసలామె దగ్గరికొచ్చి కూర్చుంది. ఎడమ కంట్లో తెల్లటి పొర. దొర రెప్ప ఎత్తి చూసి, "శస్త్రము చేసిన చూపు వచ్చును. చిత్తూరు రావలెను" అన్నాడు.

"ఇప్పుడు చేపల కాలం నాయనా. ఎండాకాలం పోనీ, వానలకు ముందర వస్తా. అప్పటికి మీరుంటారా ఆడ?"

గుడ్డ చుడుతున్న దొర చేతులు ఆగిపోయాయి. ఆయా నన్ను చూసింది, నేను డ్రైవర్ని చూశాను. సోమవారపు టపా మా అందరి మధ్యా ఇసుకలో కూర్చున్నట్టుంది. దొరసాని జుట్టు పిండుకుంటోంది. తల ఎత్తకుండానే అంది:

"ఉంటాం. రా."

ఆ మాటతో దొర మళ్ళీ గుడ్డ చుట్టడం మొదలుపెట్టాడు. ఒకే చేతికి మూడుసార్లు చుట్టాడు.

వాళ్ళు ఏడేళ్ళు ఉన్నారు. ఆ ఏడేళ్ళలో మా తాలూకాల్లో ఎంతమంది ఆ ఆసుపత్రిలో కళ్ళు తెరిచారో, ఎంతమందికి మళ్ళీ కళ్ళు కనపడ్డాయో నేను లెక్క చెప్పను. నా అంకెలు మీరు నమ్మరు. ఇప్పుడు ఆ తోటల్లో మామిడి గుజ్జు ఫ్యాక్టరీలు వచ్చాయి. ఆసుపత్రి వసారా మాత్రం అట్లాగే ఉందని విన్నాను. డ్రైవరు లేడు. ఆయా లేదు. అటువైపు బస్సులో వెళ్ళినప్పుడల్లా కిటికీలోంచి తొంగిచూస్తాను, బస్సు ఆగదు.

ఇక ముందు ఒప్పుకున్నవాణ్ణి కాబట్టి ఉన్నది చెప్పాలి. గబ్బిలాలు, వేయి గుండ్లు, చేపలు, ఇవన్నీ పెంచినవే గానీ పుట్టించినవి కావు. ప్రతిదానికీ లోపల గింజ ఉంది. హారతి మీరు నమ్మి ఉండరు, అది అక్షరాలా నిజం. కొబ్బరికాయ బంపరు మీదే కొట్టాం. దొరసాని తిట్టిన తిట్టు నిజం, డ్రైవరు నా తప్పు నెత్తినేసుకోవడం నిజం. ముసలామె కూడా నిజమే, ఆమె కంట్లో పొర నిజమే. కానీ ఆమె ఏమీ అడగలేదు. "ఉంటాం, రా" అని దొరసాని అనలేదు. ఆ ఒక్కటి నేను పుట్టించాను.

జరిగింది ఇది. చేతుల కట్లు అయ్యాక, డ్రైవరు ఇంజను విప్పి తుడిచి, తిట్లతో దాన్ని కదిలించాక జీపెక్కాం. నాయుడుపేట రాకముందే దొరసాని నిద్రపోయింది, నోరు కొంచెం తెరిచి. దొర ఆమె తల పడిపోకుండా భుజం అడ్డం పెట్టి, ఇంటిదాకా కదలకుండా కూర్చున్నాడు. ఆదివారం నేను వెళ్ళలేదు. సోమవారం పొద్దున పెట్టెలు కట్టి ఉంటాయేమో అనుకుంటూ వెళ్ళాను. టపావాడు అప్పటికే వచ్చి పోయాడు. జీపు సీట్లు విప్పి ఎండలో పెట్టి ఉన్నాయి, వాటి మీద ఉప్పు పొరలు కట్టింది. ఉత్తరంలో ఏం రాశారని నేను అడగలేదు, ఆయా అడగలేదు, దొర చెప్పలేదు. ఆమె ఎందుకు ఉండిపోయిందో ఏడేళ్ళలో ఒక్కరం అడగలేదు. అడిగితే చెప్పేదేమో. ఆ సోమవారం పొద్దున దొరసాని బల్ల దగ్గర కూర్చుని, నోటుపుస్తకంలో కొత్త పేజీ తీసి, పైన తేదీ వేసి, కలం మూత పెట్టకుండా నా కోసం ఎదురుచూస్తోంది.